బొడ్డుతాడు రక్తం: ధమని, సిర పీహెచ్ దాదాపు ఒకటే వస్తే?

ప్రశ్న: కాన్పులో సీటీజీలో (బిడ్డ గుండె వేగాన్ని, నొప్పులను నమోదు చేసే పరీక్ష) పదేపదే డిసిలరేషన్లు (గుండె వేగం కాసేపు తగ్గడం), బిడ్డ ఆప్గార్ (పుట్టగానే బిడ్డ స్థితికి పదికి వేసే స్కోరు) 6. బొడ్డుతాడు రక్త పరీక్ష అయిన కార్డ్ గ్యాస్‌లో 'ధమని' పీహెచ్ (తగ్గేకొద్దీ రక్తంలో ఆమ్లం ఎక్కువని అర్థం) 7.19, 'సిర' 7.18. పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం) 49, 48. దీన్ని నమ్మొచ్చా?

జవాబు 1: రెండూ ఒకే నాళంలోంచి వచ్చినట్టున్నాయి, బహుశా సిరే. పీహెచ్ తేడా కనీసం 0.02 ఉండాలి, అదీ ధమనిలోదే తక్కువగా. సిర లావుగా, మెత్తగా ఉండి సూదికి ముందు అదే దొరుకుతుంది. ధమనులు రెండు, సన్నగా, గట్టిగా ఉంటాయి. ముందు ధమనిలో తీయండి. సిర ఉబ్బి ఉంటే దాని ఆసరాతో సూది నిలుస్తుంది. సిర మావి నుంచి వచ్చే రక్తం, ధమని బిడ్డ స్థితి చెప్పేది. తాడు నొక్కుకుపోయిన కేసుల్లో సిర 7.2 దగ్గరున్నా ధమని 7.0 కిందికి పోయి ఉండొచ్చు. అందుకే ఈ రిపోర్టు చూసి 'పర్లేదు' అని రాయకండి.

జవాబు 2: రెండు చోట్ల క్లాంపు వేసిన 10-20 సెం.మీ. తాడు ముక్కలో పీహెచ్ గది ఉష్ణోగ్రతలో గంట వరకు పెద్దగా మారదు. ముక్క ఇంకా ఉంటే మళ్లీ తీయండి. ఆక్సిజన్ తగ్గినప్పుడు పెరిగే లాక్టేట్‌కి అంత గడువు లేదు, 20 నిమిషాల్లోపే పరీక్షించాలి. సిరంజిలో ద్రవ హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) మిగిలినా, గాలి బుడగ ఉన్నా పీసీఓ2 తప్పుగా తగ్గుతుంది.

జవాబు 3: పీహెచ్ ఒక్కటే చూడొద్దు. 7.08 ఉండి పీసీఓ2 80 దాటి, బేస్ డెఫిసిట్ (ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం ఎంత తగ్గిందో చెప్పే అంకె) 8 లోపుంటే అది శ్వాససంబంధమైనది, బిడ్డ ఊపిరి తీసుకోగానే సర్దుకుంటుంది. 7.0 కంటే తక్కువ, బేస్ డెఫిసిట్ 12 లేదా పైన అయితే మెదడు దెబ్బతినే ప్రమాదం. కూలింగ్ (మెదడును కాపాడేందుకు బిడ్డ ఒంటిని చల్లబరిచే చికిత్స) అవసరమా అని 6 గంటల్లోపే తేల్చాలి.