విగ్రహం పెట్టాల్సిన మనిషేనా ఈ స్వెన్ ఫోయిన్?

గోదారిగట్టు:
ఉద్యోగం మీద నార్వేలో ఉంటున్నాను. మొన్న టోన్స్‌బెర్గ్ వెళ్తే చర్చి పక్కన స్వెన్ ఫోయిన్ (1809–1894) విగ్రహం చూశాను. ఆయనకి నాలుగేళ్ళ వయసులోనే తండ్రి సముద్రంలో పోయాడు. సీల్ జంతువుల వేటలో డబ్బు సంపాదించి ఓడల యజమాని అయ్యాడు. అప్పట్లో నీలి తిమింగలం తెడ్ల పడవకి అందేది కాదు, ఒకవేళ చంపినా మునిగిపోయేది. ఈయన 1863లో ‘స్పెస్ ఎట్ ఫిదెస్’ అనే ఆవిరి ఓడ కట్టించి దాని ముక్కు మీద ఫిరంగి పెట్టాడు. ఒంట్లో దిగాక పేలే బల్లేనికి 1870లో పేటెంటు తీసుకున్నాడు. పనివాళ్ళకి ఇళ్ళు కూడా కట్టించాడు. మా ఆఫీసులో ఒకాయన ‘కసాయివాడికి విగ్రహం ఏంటి’ అన్నాడు. నాకైతే గొప్పవాడే అనిపించింది. మీరేమంటారు?

మెకానిక్‌మామ:
ఆ బల్లెంలో పేలే గుండు ఆలోచన ఆయనది కాదు బాబూ. ఎస్మార్క్ అనే చర్చి ఫాదరీది. ముందు అది తేల్చండి.

చిన్నోడు:
నీలి తిమింగలం నాలుకే ఏనుగంత బరువు అంటారు, నిజమేనా?

ఉప్పుగాలి:
గుండు ఎవరిదైతే ఏంటి, పేల్చింది ఎవరి మీద? నార్వే ఉత్తర కొసన ఉన్న ఫిన్‌మార్క్‌లో జాలర్ల నమ్మకం ఒకటుంది. తిమింగలాలు చిన్న చేపల్ని ఒడ్డుకి తరుముతాయి, వాటి వెనక కాడ్ చేపలొస్తాయి అని. తిమింగలాలు తగ్గాక వలలు ఖాళీగా వచ్చాయి. మొత్తుకుంటే, అదంతా మీ భ్రమ అన్నారు చదువుకున్నవాళ్ళు. 1903లో మెహామ్న్ దగ్గర వెయ్యిమందికి పైగా జాలర్లు తిమింగలాల నూనె తీసే ఫ్యాక్టరీని పడగొట్టేశారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఉత్తరాన ఆ వేట ఆపేశారు.

గోదారిగట్టు:
అన్నా, ఫోయిన్ 1894లోనే పోయాడు. తొమ్మిదేళ్ళ తర్వాత జరిగిన గొడవ ఆయన ఖాతాలో ఎలా రాస్తారు?

ఉప్పుగాలి:
దారి వేసింది ఎవరు? 1873 నుంచి 1882 దాకా అక్కడ ఆ పద్ధతిలో వేటాడే హక్కు ఆయన ఒక్కడిదే. చివరి రోజుల్లో అంటార్కిటికాకి ఓడ పంపింది కూడా ఆయనే. తర్వాతి వందేళ్ళలో ఆ దక్షిణ సముద్రాల్లో పోయిన నీలి తిమింగలాలు మూడు లక్షలు దాటాయి.

మెకానిక్‌మామ:
నా ప్రశ్నకి జవాబు రాలేదు. పేటెంటులో ఎస్మార్క్ పేరుందా? నేనొక ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు బిగింపు పరికరం ఒకటి తయారుచేశాను. రోజుకి రెండు గంటల పని మిగిలింది. బోర్డు మీద ఓనర్ గారి అబ్బాయి పేరు, నాకు స్వీట్ ప్యాకెట్టు. పేటెంటు కాగితం చూసి మనిషిని గొప్పవాడనకండి.

గోదారిగట్టు:
మామా, ఊహ వేరు, అది సముద్రంలో పనిచేసేలా చెయ్యడం వేరు. ఏళ్ళ తరబడి డబ్బు పోగొట్టుకుంటే 1868లో ముప్పై తిమింగలాలు దొరికాయి. ఆ డబ్బు ఫాదరీ పెట్టలేదుగా?

మెకానిక్‌మామ:
ఇదే మా ఓనర్ కూడా అన్నాడు.

సుబ్బలక్ష్మి_ఆర్:
మొదటి భార్య సంగతి ఎవరూ ఎత్తరేం? ఎలీసె 1842లో విడిపోయి, తర్వాత టెక్సాస్ వెళ్ళి, అక్కడి నుంచి రాసిన ఉత్తరాలతోనే పేరు తెచ్చుకుంది. విగ్రహం ఆమెకి పెట్టాలి.

ఉప్పుగాలి:
మాది భీమిలి దగ్గర. మా నాన్న తెప్ప మీద వెళ్ళేవాడు. మరబోట్లు వచ్చాక రాత్రంతా తిరిగి ఖాళీ వలతో వచ్చిన రోజులు నాకు గుర్తే. ఏసీ గదిలో కూర్చుని ‘ఆవిరి ఓడ కట్టాడు, ఆహా’ అనడం తేలిక.

గోదారిగట్టు:
ఏసీ గది నాకు ఊరికే రాలేదు. మా నాన్న కూలి. ఒక వ్యాపారి కట్టించిన ఉచిత హాస్టల్లో ఆరేళ్ళు తిని చదివాను. ఆయనకి డబ్బు ఎలా వచ్చిందో మా ఊరంతటికీ తెలుసు. ఫోయిన్‌కి పిల్లలు లేరు, చాలా ఆస్తి క్రైస్తవ మిషన్ పనికి రాసిచ్చాడు. అలాంటివాణ్ణి తిడుతుంటే నేను తిన్న అన్నాన్ని తిట్టినట్టు ఉంటుంది. ఇంతకీ నా బాధ అదీ.

ఉప్పుగాలి:
ఈ మాట మొదటే చెప్పాల్సింది తమ్ముడూ. నీ అన్నం మీద నాకేం కోపం లేదు. నువ్వు దండం పెట్టుకో. కానీ నీకు అన్నం పెట్టినవాడు వేరే వాళ్ళ కంచంలోంచి తీసి పెట్టి ఉంటే, ఆ వేరే వాళ్ళని కూడా దండం పెట్టమనకు.

గోదారిగట్టు:
నేను పెట్టమన్లేదు. తిట్టొద్దన్నాను.

ఉప్పుగాలి:
మా ఇంట్లో ఆ రెండూ ఒకటే.

మెకానిక్‌మామ:
ఈ ఎస్మార్కే 1828లో బ్రెవిక్ దగ్గర దీవిలో ఒక నల్లరాయి పట్టుకున్నాడు. థోరియం అనే రేడియోధార్మిక లోహం బయటపడింది దాంట్లోంచే. మన భీమిలి ఇసకలో ఉన్నదీ అదే థోరియం. అంతటివాడి పేరు విగ్రహం కింద పలక మీద ఉందా లేదా? ఒక్క ఫోటో తీసి పెట్టు బాబూ.

గోదారిగట్టు:
మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తాను మామా.