‘సీర్షా’: స్వేచ్ఛ అనే పేరు, దాని మూలధాతువు

ఐర్లండ్‌లో ఆడపిల్లలకు పెట్టే ‘సీర్షా’ అనే పేరుకు స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అని అర్థం. అయితే అర్థం చెప్పి అక్కడితో ఆగిపోతే ఈ పేరుకు న్యాయం జరగదు.

ఈ పేరు, స్వేచ్ఛగల అనే అర్థంలో నేటి ఐరిష్‌లో వాడే విశేషణం నుంచి ఏర్పడింది. ఆ విశేషణానికి ప్రాచీన రూపం ‘సోయెర్’, దాని వ్యతిరేక పదం ‘దోయెర్’. వీటి మొదట్లో ఉన్న ‘సొ’, ‘దొ’ అనే ఉపసర్గలు మనం సుగుణం, దుర్గుణం అన్నప్పుడు పలికే ‘సు’, ‘దుర్’లకు సోదరులు. ఆ తర్వాతి భాగం మనిషి అనే అర్థమున్న ‘విరొస్’ నుంచి వచ్చిందనీ, అది సంస్కృతంలోని ‘వీర’ శబ్దానికి జ్ఞాతి అనీ భాషాచరిత్రకారులు నిర్ణయించారు. అంటే ‘సోయెర్’ నిర్మాణంలో ఋగ్వేదంలో కనిపించే ‘సువీర’ పదానికి సరిజోడు. ఐరోపా పడమటి అంచున పుట్టిన పసిపాపను పిలిచే పేరులో ఇంత దగ్గరి చుట్టరికం దాగి ఉండటం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా అబ్బురమే. పూర్వపు ఐరిష్ ధర్మశాస్త్రాలలో ‘సోయెర్’, ‘దోయెర్’ అనే మాటలు స్వతంత్రులను, పరాధీనులను వేరుచేసి చెప్పేవి. నేటి వ్యవహారంలో ఇవే అంగడిలో చవక, ఖరీదు అనే అర్థాలు కూడా ఇస్తున్నాయి.

పదం ప్రాచీనమే గాని, దానిని పేరుగా పెట్టుకోవడం ఇరవయ్యో శతాబ్దపు జాతీయోద్యమ స్ఫూర్తితో వచ్చిన ఆచారం. 1922 నుంచి 1937 వరకు ఐర్లండ్‌లో ఉన్న ‘ఐరిష్ స్వేచ్ఛారాజ్యం’ (ఐరిష్ ఫ్రీ స్టేట్) అనే దేశానికి ఐరిష్ భాషలో ఉన్న పేరులోనూ ఇదే ధాతువు ఉంది. గాంధీజీ స్వరాజ్య పిలుపును తలచి 1931లో నల్లగొండ ప్రాంతంలో పుట్టిన బిడ్డకు స్వరాజ్యం అని పేరు పెట్టుకున్న జాతికి, ఆ బిడ్డే తరువాత సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యంగా నిలవడం చూసిన జాతికి, ఐరిష్ తల్లిదండ్రుల మనసు విడమరచి చెప్పనక్కరలేదు.

ఉచ్చారణ విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఐరిష్‌లో ‘స’కు సూచకమైన అక్షరం పక్కన ఇకార ఎకారాలు చేరితే ‘ష’గా పలుకుతుంది, అందుకే ఒకే అక్షరం ఈ పేరు మొదట ‘స’గా, చివర ‘ష’గా వినిపిస్తుంది. ఇదే పేరున్న, 1994లో పుట్టిన ఐరిష్ సినీనటి రోనన్ తన పేరును ‘సర్షా’ అని పలుకుతారు. ప్రాంతాన్ని బట్టి రెండు ఉచ్చారణలూ ఉన్నాయి కనుక, తెలుగులో రాసేవారు అక్షరక్రమాన్ని చూసి ‘సయోర్సే’ అని రాయకుండా, ఆ మనిషి తన పేరును ఎలా పలుకుతారో అలాగే రాయడం మేలు.