వైన్ టేస్టింగ్ నేర్చుకుంటే వచ్చే విద్యా, తోటలో కూర్చోబెట్టి చేసే మాయా?

పుణె_తెలుగోడు:

నాకు వైన్ పిచ్చి ఉంది, ముందే చెప్పేస్తున్నా. తాగుడు పిచ్చి కాదు, రుచి చూసే పిచ్చి. ఉండేది పుణెలో కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా, ద్రాక్ష కోతల రోజుల్లో, వీలు చిక్కినప్పుడల్లా నాశిక్ వైన్ తోటల వైపు కారు తీస్తాం. మా ఆఫీసులో ఒకాయన ఈ మాట వినబడితే చాలు, "అదంతా వేషం బాబూ, లేబుల్ తీసేస్తే ఏది ఏదో మీలో ఒక్కరూ చెప్పలేరు" అంటాడు. లంచ్‌లో మొదలైన గొడవ సాయంత్రం దాకా తేలలేదు, అందుకే ఇక్కడికి తెచ్చా.

నా వాదన ఇది. ఇంట్లో ఒక బాటిల్ తెరిస్తే బాగుందో లేదో తప్ప ఇంకేమీ తెలియదు, పోల్చి చూడటానికి పక్కన ఇంకొకటి ఉండదు కదా. టేస్టింగ్ రూంలో అలా కాదు. వరసగా గ్లాసులు పెట్టి ఒక్కోదాంట్లో రెండు మూడు గుక్కలే పోస్తారు. షెనిన్ బ్లాంక్ చప్పరించి వెంటనే సొవిన్యోన్ బ్లాంక్ (రెండూ తెల్ల వైన్లే) అందుకుంటే ఎంత కొత్తవాడికైనా తేడా తెలుస్తుంది. మొదటిది కాస్త తియ్యగా, మెత్తగా పోతుంది. రెండోది పులుపుతో చురుక్కుమంటుంది, వాసన చూస్తే అప్పుడే కోసిన క్యాప్సికం, దోర జామకాయ. మా ఆవిడకి ఈ గోలంటే విసుగు. అయినా గైడ్ నోరు విప్పకముందే జామకాయ అన్నది తనే.

ఇక తోట సంగతి. గైడ్‌ని అడిగి, ఎర్ర వైన్ చేసే షిరాజ్ ద్రాక్ష పండు ఒకటి నోట్లో వేసుకున్నా. చిన్న పండు, మందపాటి తొక్క, లోపల గింజలు. తొక్క నమిలితే చిగుళ్లు పట్టేసినంత వగరు. తర్వాత అదే వగరు గ్లాసులో ఎదురైతే, టానిన్ అంటే ఏంటో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. దీన్ని మాయ అంటే నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు:

మీ ఆఫీసాయన తరఫున వకాల్తా నేను తీసుకుంటా.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి తెల్ల వైన్ ఇచ్చి వాసన వర్ణించమన్నారు. తర్వాత అదే తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలన్నీ దానికి తగిలించేశారు. 2001లో అచ్చయిన పరిశోధన ఇది, చేసినవాళ్లలో ఫ్రెడెరిక్ బ్రొషే ఒకరు. 2008లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్లు ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఇంకోసారి 90 డాలర్లదని చెప్పి ఇచ్చారు. 90 డాలర్లదే బాగుందన్నారు జనం. నోటి మాటగానే కాదు, స్కానింగ్‌లో మెదడు కూడా అదే చూపించింది.

ఇవన్నీ విద్యార్థుల మీదా మామూలు జనం మీదా అంటారేమో. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన అనుభవమున్న జడ్జీలకే ఒక బాటిల్‌లోని వైన్‌ని మూడుసార్లు, చెప్పకుండా, మిగతా గ్లాసుల మధ్య కలిపి ఇచ్చాడు. మూడుసార్లూ దాదాపు ఒకే మార్కు వేసినవాళ్లు సుమారు పదిమందిలో ఒకరు. పదిలో తొమ్మిదిమంది తమ మాట మీద తామే నిలబడలేకపోయారు.

మీరేమో తోటలో కూర్చుని, కొండలు చూస్తూ, చల్లగాలి పీలుస్తూ, ఐదు గంటలు డ్రైవ్ చేసిన కష్టం ఊరికే పోకూడదనుకుంటూ గ్లాసు ఎత్తుతారు. దాన్ని మించిన లేబుల్ ఇంకేం కావాలి?

శాన్‌హోసే_సుబ్బు:

మాస్టారూ, ఆ రంగు నీళ్ల కథ అందరూ చెప్పేదే. ఆ ప్రయోగంలో అడిగింది వాసన గురించి. కళ్ల ముందు ఎరుపు కనబడ్డాక మెదడు ఎర్ర పళ్ల పేర్లు వెతుక్కుంటుంది. అంతమాత్రాన ముక్కు పనిచేయట్లేదని ఎలా అంటాం?

కళ్లకి గంతలు కట్టే పరీక్ష కావాలంటే 1976 మే 24న పారిస్‌లో జరిగింది చూడండి. స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి ఫ్రెంచ్ వైన్లని, కాలిఫోర్నియా వైన్లని పేర్లు కనబడకుండా పోయించాడు. మార్కులు వేసిన తొమ్మిదిమందీ ఫ్రెంచ్ ఉద్దండులే. తెల్లవాటిలో షాతో మాంతెలేనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ మొదట వచ్చాయి. రెండూ కాలిఫోర్నియాలోని నాపా లోయ వైనరీలవే. అప్పట్లో నాపా పేరు చెబితే ఫ్రాన్స్‌లో నవ్వేవాళ్లు.

లెక్కల_మాస్టారు:

ఇది మీ వాదనకి ఎలా పనికొస్తుంది సుబ్బు గారూ? తమ దేశం వైన్ ఏదో తామే పోల్చుకోలేకపోయారనేగా దాని అర్థం.

శాన్‌హోసే_సుబ్బు:

ఊరి పేరు చెప్పడం ఒక పని, నాణ్యత చెప్పడం ఇంకో పని. మొదటి దాంట్లో తడబడ్డారు. రెండో దాంట్లో, సొంత గర్వం అడ్డురాకుండా, గ్లాసులో ఉన్నదానికే మార్కు వేశారు. నేను దాన్ని విద్యే అంటా.

నాపా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. ఇప్పుడక్కడ టేస్టింగ్ ఫీజు మనిషికి 50 డాలర్లు దాటడం మామూలైపోయింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు బస్సు నిండా జనంతో వెళ్లి ఫొటోలు దిగడానికే అయితే దండగ. నేను కాలిఫోర్నియాలోనే ఉన్న లోడై వైపు వెళ్తా. జిన్‌ఫాండెల్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పాత తీగలు ఉంటాయి, పోసేవాడు చాలాచోట్ల ఆ ఇంటివాడే, తీరిగ్గా మాట్లాడతాడు. నాపాలో ఒక పెద్ద వైనరీలో, పేరెందుకులెండి, మేం మాట్లాడుతుండగానే బిల్లు తెచ్చి ముందు పెట్టారు.

కీసర_అమ్మాయి:

మాది ద్రాక్ష పండించిన ఇల్లు. అందరూ గ్లాసు దగ్గరే కొట్టుకుంటున్నారు, తీగ గురించి ఎవరూ మాట్లాడలేదని వచ్చా.

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ఎటు చూసినా అనాబ్‌షాహి పందిళ్లే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన ఆ రకాన్ని నగరానికి తెచ్చాడని చెబుతారు. తర్వాత థామ్సన్ సీడ్‌లెస్ వచ్చింది. ఇప్పుడు ఆ భూములు చాలావరకు ప్లాట్లయిపోయాయి. మిగిలిన కొన్ని తోటలకి సీజన్‌లో జనం పిల్లల్ని తీసుకొచ్చి, సొంతంగా కోసుకుని కిలోల లెక్కన కొనుక్కెళ్తారు.

తినే ద్రాక్ష పండించేవాళ్ల లెక్క వేరు. పండు లావెక్కాలని గుత్తుల్ని జిబ్బరెల్లిక్ యాసిడ్‌లో ముంచుతాం. ఎకరాకి పది టన్నులు దాటకపోతే ఇంట్లో మొహాలు వాడిపోతాయి. వైన్ తోటకి నేను మొదటిసారి వెళ్లినప్పుడు అదే నాకు మింగుడుపడలేదు. నాలుగైదు టన్నులు చాలని, ఎక్కువైన గుత్తుల్ని పచ్చిగా ఉండగానే కోసి నేల మీద పడేస్తున్నారు. మా నాన్న చూసి ఉంటే వాళ్లని అక్కడే తిట్టేవాడు. పండు చిన్నగా ఉంటేనే వాళ్లకి లాభం, రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ పడుతుంది. ఎర్ర వైన్‌కి రంగూ వగరూ వచ్చేది ఎక్కువగా తొక్క నుంచే. రసం పిండి చూడండి, నల్ల ద్రాక్షలో కూడా చాలా రకాలకి రంగు ఉండదు. తీపి కూడా అంతే. మేం బ్రిక్స్ (రసంలో తీపిని కొలిచే లెక్క) 16, 18 చూసి కోసేస్తాం, వాళ్లు 22, 24 దాకా ఆగుతారు. ఈలోపు ఒక్క అకాల వాన పడిందా, అంతే.

పుణె అన్నా, మీరు ఫిబ్రవరిలో వెళ్తారు కాబట్టి మీకు పండగే కనబడుతుంది. బోర్డోలో తీగ చలికాలం నిద్రపోతుంది. నాశిక్‌లో దానికి నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, ఒక్క పంటే తీసుకుంటారు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, కొత్త కొమ్మ కోసం. వానలు వెనకబట్టాక సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోటి, కాయ కోసం. దాన్ని దాని ఇష్టానికి వదిలేస్తే కాయ వానల్లోనే వచ్చి బూజు తెగులు పాలవుతుంది. పగలు ఎండ, రాత్రి చలి ఉండే నెలల్లో పండు పక్వానికి రావాలనే ఈ పాట్లన్నీ. మీరు మెచ్చుకున్న ఆ పులుపు నిలిచేది రాత్రి చలి వల్లే. నేర్చుకోవడానికే వెళ్తున్నానంటే ఒకసారి అక్టోబర్‌లో వెళ్లండి. చేతిలో గ్లాసు బదులు కత్తెర పట్టుకున్న మనుషులు కనబడతారు, స్ప్రే వాసన తగులుతుంది. టూర్‌లో గైడ్లు ఈ భాగం ఎప్పుడూ చెప్పరు.

పెసరట్టు_ఉప్మా:

విద్యో మాయో నాకు తెలియదు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే చెప్పింది, మద్యం ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అనే గీత ఏదీ లేదని. ఎర్ర వైన్ గుండెకి మంచిదనే పాత మాట ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. దీన్ని హాబీ అని పిల్లల ముందు గొప్పగా చెప్పుకోవడం నాకైతే నచ్చదు. పైగా అందరూ కారేసుకుని వెళ్లేవాళ్లే!

పుణె_తెలుగోడు:

పెసరట్టు గారూ, ఆరోగ్యానికి మంచిదని నేను ఎక్కడా అనలేదు, అనను. కారు విషయంలో మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. అందుకే మాలో నడిపేవాళ్లు గ్లాసు ముట్టరు. రుచి చూసేవాళ్లు కూడా చాలాసార్లు మింగరు. నోరంతా తిప్పి అక్కడ పెట్టిన బకెట్‌లో ఉమ్మేస్తారు. మొదట్లో నాకూ సిగ్గేసింది, మన ఇళ్లలో నోట్లోది ఉమ్మితే వీపు విమానం మోత మోగుతుంది కదా. కానీ నాలుగో గ్లాసు దాకా నాలుక మాట వినాలంటే వేరే దారి లేదు. మనవాళ్లలో ఆ బకెట్ జోలికి పోయేవాళ్లు తక్కువ. డబ్బులిచ్చాం కదా అని ఆఖరి చుక్క దాకా తాగేస్తారు. అక్కడ మాత్రం అది టేస్టింగ్ కాదు, బారే.

కీసర అమ్మాయీ, అక్టోబర్ సలహా బాగుంది, ఈసారి అప్పుడే వెళ్తాం.

మాస్టారూ, ఇప్పుడు మీ లెక్కకి వద్దాం. షిరాజ్‌లో మిరియాల వాసన వస్తుందంటారు. అది కవిత్వం కాదు. రొటండోన్ అనే పదార్థం మిరియాల్లో ఉంది, షిరాజ్‌లోనూ ఉంది, 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు బయటపెట్టారు. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదని కూడా వాళ్లే తేల్చారు. అంటే ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు జడ్జీలు వేరే మార్కులు వేస్తే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. క్యాప్సికం వాసనకీ పైరజీన్లనే పదార్థాలున్నాయి, పండు ఎండలో బాగా పండేకొద్దీ తగ్గుతాయి. మా ఆవిడ అన్న జామకాయ కూడా అంతే. సొవిన్యోన్ బ్లాంక్‌లో ఉండే గంధక సమ్మేళనాలు కొన్ని జామలోనూ ఉన్నాయి.

లెక్కల_మాస్టారు:

హాడ్జ్‌సన్ చెప్పింది ఇద్దరు జడ్జీల మధ్య తేడా కాదు బాబూ. అదే జడ్జి, అదే ముక్కు, అదే వైన్, మూడు మార్కులు. మిరియాల వాసన తెలియనివాడికి మూడుసార్లూ తెలియకూడదు కదా.

పదార్థాలు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటా. వాటిని మనిషి ప్రతిసారీ పట్టుకోగలడా, దానికి వందలో 91 అని మార్కు వేయగలడా అన్నదే నా ప్రశ్న. వేయలేడనే అంటా.

శాన్‌హోసే_సుబ్బు:

మార్కుల మీద నాకూ నమ్మకం లేదు మాస్టారూ. 91కీ 89కీ తేడా అమ్మేవాడికే కావాలి. అయితే వైన్ నిపుణులకిచ్చే మాస్టర్ ఆఫ్ వైన్ అనే పట్టా పరీక్షలో పేర్లు లేని గ్లాసులు 12 చొప్పున మూడు పేపర్లలో పెడతారు. ఏ ద్రాక్ష, ఏ ప్రాంతం, ఎలా తయారైంది అన్నది వాదించి రాయాలి. మన దేశంలో ఉంటూ మొదట ఆ పట్టా తెచ్చుకున్నది సోనల్ హాలండ్, 2016లో. అదంతా తోట గాలి వల్ల రాదు.

కీసర_అమ్మాయి:

నాదొక సందేహం. తోటలో తెగ నచ్చి కొన్న బాటిల్ ఇంటికొచ్చాక ఎందుకు నీరసంగా ఉంటుంది? మా అన్న ఫ్రెండ్ రెండు బాటిళ్లు తెచ్చి, మే నెలలో వంటగది అటక మీద పెట్టి, దసరాకి తీశాడు. ఉడికిన పండు రసంలా ఉంది.

పుణె_తెలుగోడు:

అటక మీద, మే నెలలో! అది వైన్ తప్పు కాదు. మన ఎండలకి కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచినా చాలు. చల్లగా, చీకట్లో, బిరడా ఉన్నదైతే పడుకోబెట్టి ఉంచాలి. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగమని రాసినవాళ్ల గది మన గది కాదు. తాగే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

అయినా మీరన్నదాంట్లో నిజం ఉంది. ఎంత జాగ్రత్తగా తెచ్చినా తోటలో ఉన్నంత బాగోదు. ఆ కొంత తేడా మాస్టారి ఖాతాలో వేసేస్తున్నా. నేను వదలనిది ఒక్కటే, పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుందన్నది.

లెక్కల_మాస్టారు:

అయితే పరీక్ష పెడదాం. వచ్చే నెల మీరు హైదరాబాద్‌లో మా ఇంటికి రండి. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. బాటిళ్లు వంటగదిలో ఉంటాయి, పోసేది మా అమ్మాయి, తను గదిలోకి రాదు, గ్లాసులు మాత్రమే వస్తాయి. రంగు కనబడకుండా స్టీలు గ్లాసులు.

పుణె_తెలుగోడు:

స్టీలు గ్లాసులో వాసన సరిగ్గా రాదు మాస్టారూ. గాజు గ్లాసులే పెట్టి లైటు ఆర్పేయండి. నాశిక్ షిరాజ్ ఒకటి, బెంగళూరు దగ్గర నందీ హిల్స్ షిరాజ్ ఒకటి నేను తెస్తా. ఒకే ద్రాక్ష, తోటలు వేరు. ఎర్రదానికీ తెల్లదానికీ తేడా చెప్పడం గొప్పేం కాదు.

పెసరట్టు_ఉప్మా:

తాగను గానీ చూడ్డానికి వస్తా. మధ్యలో నోరు కడుక్కోవడానికి ఏం పెడుతున్నారు?

లెక్కల_మాస్టారు:

నీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు ముక్కలు. మీ ఉల్లి పెసరట్టు మాత్రం అంతా అయ్యాకే.

లెక్క ముందే చెప్పేస్తున్నా, తర్వాత గొడవ వద్దు. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది. ఆరుగురు కూర్చుంటే, ఐదుగురు సరిగ్గా చెప్పాలి. అది గాలివాటంగా జరిగే అవకాశం నూటికి రెండు కూడా లేదు. ఐదుగురు చెబితే బాటిళ్ల ఖర్చు నాది.

కీసర_అమ్మాయి:

నలుగురే చెబితే?

లెక్కల_మాస్టారు:

నలుగురో అంతకంటే ఎక్కువమందో గాలివాటంగా చెప్పేయడం పదిసార్లలో ఒకసారి జరుగుతుందమ్మా. అప్పుడు సగం ఖర్చు నాది, వాదన మాత్రం ఇక్కడే కొనసాగుతుంది.