అప్‌డేట్: చార్జర్ ఉప్పల్‌లోనే పెడుతున్నా

ఎలక్ట్రిక్ కార్లకి 60 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ గచ్చిబౌలి మెయిన్ రోడ్డు మీద అద్దె స్థలంలో పెట్టాలా, ఉప్పల్‌లో వరంగల్ హైవే పక్కన మా బాబాయి జాగాలో పెట్టాలా అని అడిగాను కదా. ఉప్పల్ ఖాయం చేశాం.

"ముందు క్యాబ్ డ్రైవర్లతో మాట్లాడండి" అన్న అన్నకి చాలా థ్యాంక్స్. మూడు రాత్రులు గచ్చిబౌలిలో ఒక చార్జర్ దగ్గర నిలబడ్డాను. చార్జింగ్ బే‌లో ఎవరిదో పెట్రోల్ కారు. క్యాబ్ అబ్బాయి ఫోన్‌లో బ్యాటరీ 9 శాతం చూపించి, "ఇట్లనే రోజూ అన్నా" అని వెళ్లిపోయాడు. నాకు చాలా బాధేసింది. వాళ్లుండేది అద్దె గదుల్లో, ఇంటి దగ్గర ప్లగ్ ఉండదు. వాళ్లకి కావాల్సింది గేటు, వాచ్‌మన్, బాత్రూమ్, టీ. అవి బాబాయి జాగాలో ఇవ్వగలం.

లెక్క కూడా వేశా. రోజుకి 10 శాతం వాడకమంటే, 24 గంటల్లో 2.4 గంటలు చార్జర్ ఫుల్లుగా నడిచినట్టు, అంటే 144 యూనిట్లు. 30 యూనిట్ల బ్యాటరీని 20 నుంచి 80 శాతానికి నింపితే 18 యూనిట్లు, అంటే ఎనిమిది కార్లు. అద్దె లేదు కాబట్టి మాకు అది చాలు.

చార్జింగ్ స్టేషన్ పెట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, 2018లోనే కేంద్రం స్పష్టం చేసింది. కరెంటు కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టాను, ట్రాన్స్‌ఫార్మర్ అంచనా రావాలి.