వాల్తేరు మోడల్ రైల్వే: ఘాట్ వేయాలా, స్టేషన్ వేయాలా?

బొగ్గుబండి:
మేడ మీద గది ఖాళీ అయింది, పదడుగులు బై ఎనిమిది. హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు బండికి 87వ వంతు) మన కొత్తవలస–కిరండూల్ (కేకే) లైన్ మోడల్ వేయాలని ఎప్పటినుంచో కోరిక. బొర్రా సొరంగాలు, శిమిలిగుడ స్టేషన్, స్టీమూ డీజిలూ రెండూ తిరిగే 1960ల చివరి రోజులు. తీరా కాగితం మీద గీస్తే కొండ ఎక్కించేసరికే గదంతా అయిపోతోంది. రూట్ ఎలా తిప్పాలో చెప్పండి.

మర్రిపాలెం గేటు:
50కి 1 వాలు పెట్టినా 10 సెంటీమీటర్లు ఎక్కడానికి 5 మీటర్ల పట్టా కావాలండి, మీ పొడుగు గోడే 3 మీటర్లు. అదలా ఉంచండి, కేకే లైన్ పుట్టిందే 1960ల్లో, అక్కడ ఇనుప ఖనిజం బండ్లు డీజిళ్లవే. మీరు అడిగే స్టీమ్-డీజిల్ కలగలుపు వాల్తేరు (ఇప్పటి విశాఖపట్నం) స్టేషన్‌లో దొరుకుతుంది. మద్రాస్ వైపు దువ్వాడ లైనూ, హౌరా వైపు సింహాచలం లైనూ ఒకే వైపు నుంచి లోపలికొస్తాయి కాబట్టి హౌరా–మద్రాస్ మెయిల్ ఇక్కడ వెనక్కి తిరగాల్సిందే. వచ్చిన ఇంజిన్ ముందు ఇరుక్కుంటుంది, రెండో చివర కొత్తది తగిలిస్తారు, బండి కదిలాక గానీ పాతది బయటపడదు. అది డబ్ల్యూపీ (స్టీమ్ ఇంజిన్) అయితే షెడ్డుకెళ్లి బూడిద దులుపుకుని, బొగ్గూ నీళ్లూ ఎక్కించుకుని, టర్న్‌టేబుల్ మీద తిరగాలి. డబ్ల్యూడీఎం-2 డీజిల్‌కి ఆ తిప్పలేవీ లేవు, ఎటైనా నడుస్తుంది. ఈ తేడాని మన చేత్తో ఆడించడంలో ఉన్న ఆనందం ఏ సొరంగంలోనూ లేదు, నా మాట నమ్మండి.

సెమాఫోర్:
పై మాటే నాదీ. కొలతలు చూసుకోండి: ఐసీఎఫ్ పెట్టె (ప్రయాణికుల బోగీ) హెచ్‌ఓలో 24.5 సెం.మీ., ఐదు పెట్టెలకి, రెండు చివర్లా ఇంజిన్లకి కలిపి ప్లాట్‌ఫాం 1.8 మీటర్లైనా ఉండాలి. వంపు వ్యాసార్ధం 60 సెం.మీ. కంటే తగ్గించకండి, తగ్గితే పెట్టె మూలలు బయటికి తోసుకొచ్చి పక్క లైన్లో బండిని గీకేస్తాయి. కరెంటు స్తంభాలు అస్సలొద్దు, కేకే లైన్‌కే అవి 1980ల్లో వచ్చాయి. చెయ్యి దించే సిగ్నళ్లు పెట్టండి.

బొగ్గుబండి:
మరి ఖనిజం బండి వదిలేయాలా అన్నా? అదొక్కటీ ప్రాణం ఒప్పుకోవట్లేదు.

మర్రిపాలెం గేటు:
వదలొద్దు. అది ప్లాట్‌ఫాంకి రానక్కర్లేదు, పోర్టుకి కదా పోయేది. బల్ల ముందు అంచున విడిగా ఒక లైన్ లాగి, రెండు చివరలూ తెర వెనక లూప్‌లో కలిపేయండి. రెండు డబ్ల్యూడీఎం-2లు జంటగా లాగుతుంటే, వెనక స్టేషన్‌లో డబ్ల్యూపీ షంటింగ్ చేస్తుంటుంది. ముందు టర్న్‌టేబుల్‌కి చోటు గీయండి, మిగతా పట్టాలన్నీ దాన్నిబట్టి సర్దుకోవాల్సిందే.