ఆదివారం తెరచాప రేసులో ఫోన్ జీపీఎస్ ఉండాలా, వద్దా?

టీనగర్ తెరచాప:
చెన్నై హార్బర్ బయట సరదా రేసులకు వెళ్లే మా జట్టులో పెద్ద గొడవ నడుస్తోంది. ఫోన్లన్నీ సంచిలో వేసి మూతి కట్టేస్తానంటున్నారు మా స్కిప్పర్. కంపాస్, కళ్లు చాలట. చేతిలో ఉన్న సాధనం వాడుకోకపోతే అదేం గొప్ప? రేసు నియమాల్లో కూడా జీపీఎస్ మీద మొత్తంగా నిషేధం లేదు, ఆ రకం పడవల నియమాలో ఆ రేసు సూచనలో వద్దంటే తప్ప. మీరేమంటారు?

మైలాపూరు బాబాయ్:
నా ఓటు స్కిప్పర్‌కే. నువ్వెక్కడున్నావో ఫోన్ చెబుతుంది బాబూ, మెరీనా లైట్‌హౌస్ ఎర్ర తెల్ల పట్టీలతో ఎదురుగా నిలబడి ఉంటే అది ఎవడికి కావాలి? తెలియాల్సింది గాలి ఏ పక్క ఎక్కువుందో. ఎదురు గాలికి పడవ నేరుగా పోదు, సుమారు 45 డిగ్రీలు అటు కాసేపు, ఇటు కాసేపు మలుపులు తిరుగుతూ ఎక్కాలి. ఏ పక్కకి పోవాలో నీళ్ల మీద ముదురు రంగులో ముడతలు పడుతూ వచ్చే చోటే చెబుతుంది. తల వంచుకుని స్క్రీన్ చూసేవాడికి అది కనపడదు.

అడయార్ అక్క:
గాలి సరే బాబాయ్ గారూ, మరి నీటి లాగుడు? పడవ ముక్కు ఎటుందో కంపాస్ చెబుతుంది, పడవ నిజంగా ఎటు పోతోందో జీపీఎస్ చెబుతుంది. గాలికి పక్కకి జరిగేది తీసేస్తే మిగిలిన తేడా ప్రవాహమే. మన తీరంలో నైరుతి కాలంలో నీరు ఎక్కువగా ఉత్తరానికి లాగుతుంది, ఈశాన్య రుతుపవనాలు వచ్చాక దక్షిణానికి. జూలై లెక్కతో నవంబరులో దిగితే, చుట్టి రావాల్సిన బోయకి (నీళ్లలో తేలే గుర్తుకి) అవతల తేలతారు.

మైలాపూరు బాబాయ్:
దానికి ఫోనెందుకమ్మా! ఒడ్డు వైపు వస్తున్నప్పుడు బోయ వెనక లైట్‌హౌస్‌ని వరసలో పెట్టుకో. లైట్‌హౌస్ బోయకి కుడి పక్కకి జరుగుతోందంటే నువ్వు కుడికి, అంటే ఉత్తరానికి కొట్టుకుపోతున్నట్టు. ఎడమకి జరిగితే దక్షిణానికి. ముక్కు కొంచెం తిప్పి, ఆ రెండూ మళ్లీ కలిసి కదలకుండా నిలిచేదాకా చూసుకో. బ్యాటరీ అక్కర్లేదు.

రాయపురం రాజు:
ఫోన్ కంపాస్ పక్కన పెట్టకండి మహాప్రభో, స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. ముల్లు పక్కకి పోతుంది, ఆ తర్వాత జీపీఎస్ తప్పా కంపాస్ తప్పా అని మళ్లీ పంచాయితీ. ఇంకోటి, ఒడ్డున ఉన్న బామ్మర్దికి ఫోన్ చేసి “గాలెటుందిరా” అని అడగడం కుదరదు. బయటి సాయం కింద 41వ నియమం పట్టుకుంటుంది.

ఎగ్మూర్ ఎదురుగాలి:
మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2022 గోల్డెన్ గ్లోబ్ రేసులో జీపీఎస్ లేకుండా, సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టంట్‌తో ప్రపంచం చుట్టొచ్చి రెండో స్థానం కొట్టారు. మనకి రెండు బోయల మధ్య దారి కావాలా?

అడయార్ అక్క:
ఆ పడవల్లో కూడా అత్యవసరానికి సీలు వేసిన జీపీఎస్ ఉంటుంది తమ్ముడూ. 2018లో అదే రేసులో ఆయన పడవ మాస్టు (తెరచాప స్తంభం) విరిగి, వెన్ను దెబ్బతిని నడిసముద్రంలో పడి ఉన్నప్పుడు, ఎక్కడున్నారో తెలిసింది ఉపగ్రహ సంకేతాల వల్లే. దారి కోసం వద్దంటే ఒప్పుకుంటా, పడవలోనే ఉండొద్దంటే మాత్రం ఒప్పుకోను. ఇంకో మాట, స్టార్టుకి 5 నిమిషాల ముందు జెండా లేచాక స్టార్టు గీత ఎంత దూరమో తెలియడం చిన్న విషయమా? సిగ్నల్‌కి ముందే దాటితే వెనక్కొచ్చి మళ్లీ బయల్దేరాలి.

మైలాపూరు బాబాయ్:
సీలు వేసింది ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. స్టార్టు సంగతి ఒప్పుకోను. గీత దగ్గర అన్ని పడవలూ గుంపుగా ఉంటాయి. పోర్ట్ ట్యాక్ మీద, అంటే ఎడమ నుంచి గాలి తగులుతూ ఉన్న నువ్వు మీటర్లు లెక్కపెడుతూ కూర్చుంటే, “స్టార్‌బోర్డ్!” (నాకు గాలి కుడి నుంచి, దారి నాదే) అని అరుస్తూ వచ్చేవాడికి దారెవరిస్తారు?

టీనగర్ తెరచాప:
ఇదంతా స్కిప్పర్‌కి చూపించాను. ఒక్క ఫోన్, అదీ సీలు వేసిన కవర్లో అయితే సరేనన్నారు. ఆయన చేతి వాచీలో జీపీఎస్ ఉంది కదా అంటే మాత్రం, “అది టైం చూసుకోవడానికి” అంటున్నారు.