‘పాస్డ్ అవుట్ ఫ్రమ్ కాలేజ్’ అని రాయడం తప్పా, మన వాడుకా?

బ్రాడీపేట మాస్టారు

గుంటూరు బ్రాడీపేటలో, ఇంటి ముందుగదిలో, చాలా ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు రాయడం నేర్పుతున్నాను. విదేశాల్లో చదువుకు దరఖాస్తు పెట్టుకునేవాళ్లు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసుకుని దిద్దమని తెస్తుంటారు. పోయిన వారం బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన ఒక అమ్మాయి తెచ్చిన కాగితంలో రెండో వాక్యం ఇది: ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022 అండ్ హావ్ బీన్ ఇన్ ఏ హాస్పిటల్ సిన్స్ దెన్.’ 2022లో కోర్సు ముగించి అప్పటినుంచి ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నానని ఆ అమ్మాయి చెప్పదలుచుకుంది. అవతలి దేశంలో ఆ కాగితం అందుకున్న మనిషి మాత్రం, ఈ అమ్మాయి 2022లో స్పృహతప్పి పడిపోయి ఇప్పటికీ ఆసుపత్రి మంచం మీదే ఉందని చదువుకుంటాడు. నేను దాన్ని కొట్టేశాను. మర్నాడు వాళ్ల నాన్నగారు వచ్చి, ‘మాస్టారూ, కంపెనీల ప్రకటనల్లోనూ కాలేజీ నోటీసుల్లోనూ అదే మాట ఉంటుంది కదా, మీరొక్కరే తప్పంటే ఎలాగండీ?’ అని మర్యాదగానే అడిగారు. నేనేదో జవాబు చెప్పి పంపించాను గానీ అది నాకే తృప్తిగా లేదు. అందుకే ఇక్కడ నలుగురి ముందు పెడుతున్నాను.

నా వాదన చెబుతాను. ‘పాస్’ అనే క్రియ పక్కన ‘అవుట్’ చేరినప్పుడు పుట్టే అర్థం ఆ రెండు ముక్కల అర్థాలను కలిపితే వచ్చేది కాదు. మన ‘మూర్ఛపోయాడు’లో ఎవరూ ఎక్కడికీ పోనట్టే, ఇంగ్లీషువాడి ‘పాస్డ్ అవుట్’లో కూడా ఎవరూ ఎందులోంచీ బయటికి రారు, ఉన్నచోటే సొమ్మసిల్లుతారు. దానికి కర్మ చేరిస్తే అర్థం మారి పంచిపెట్టడం అవుతుంది. ‘ద టీచర్ పాస్డ్ అవుట్ ద పేపర్స్’ అని అమెరికావాళ్లు ఎక్కువగా రాస్తారు. ‘పేపర్స్’ బదులు ‘దెమ్’ అనాల్సివస్తే అది మధ్యలో చేరి ‘పాస్డ్ దెమ్ అవుట్’ అవుతుంది తప్ప చివర నిలబడదు. ఈ రెండూ కాక, బ్రిటిష్ ఇంగ్లీషులో సైన్యంలోనో పోలీసులోనో శిక్షణ ముగించుకోవడం అనే అర్థం ఒకటుంది. డిగ్రీ చదివి పట్టా పుచ్చుకోవడం వీటిలో దేనిలోనూ లేదు. మన చెవికి ‘పాసై బయటికొచ్చాడు’ అనే తెలుగు వాక్యం లోపల వినిపిస్తూ ఉంటుంది కాబట్టి ‘పాస్’, ‘అవుట్’ అనే ముక్కలు మనకు సహజంగా అతుక్కుంటున్నాయని నా నమ్మకం. అలా అతికిన మాటను బయటి పాఠకుడి కోసం రాసే వాక్యంలో వాడకూడదంటాను.

పటమట హెచ్‌ఆర్

మాస్టారూ నమస్కారం. విజయవాడలో ఉద్యోగాల భర్తీ పని చేస్తాను, రోజూ రెజ్యూమెలు చదువుతాను. ‘పాస్డ్ అవుట్ ఫ్రమ్’ అని ఉండి, దాని వెనక కాలేజీ పేరు, సంవత్సరం ఉంటే, అది స్పృహతప్పడమని అనుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు, విదేశీ క్లయింట్లతో సహా. మీరు తెచ్చిన వాక్యంలో అసలు లోపం ‘హావ్ బీన్ ఇన్ ఏ హాస్పిటల్’ అన్నచోట ఉంది. అక్కడ ‘హావ్ వర్క్‌డ్’ అని ఉంటే ఎవరూ తడబడేవారు కాదు. ఒక క్రియ చేసిన తప్పును మీరు ఇంకో క్రియ మీద వేశారు.

ఇంకో మాట కూడా చెప్పాలండీ. దాని బదులు ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయమంటారేమో మీరు. ఇంటర్ చదివినవాడు, ఐటీఐ ఫిట్టరు, పాలిటెక్నిక్ డిప్లొమా పిల్లవాడు ఏం రాయాలి? మన దేశంలో గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ ఉన్నవాడే, కాబట్టి ఇంటర్ పిల్లవాడు ఆ మాట రాస్తే లేని డిగ్రీ చెప్పుకున్నట్టవుతుంది. ‘లెఫ్ట్ కాలేజ్’ అని రాస్తే మధ్యలో మానేశాడనుకుంటాం. పదో తరగతి నుంచి బీటెక్ దాకా అందరికీ సరిపోయే మాట ఇదొక్కటే దొరికింది, అందుకే అది నిలిచింది. పైగా చదువు మానేసినవాణ్ణి డ్రాప్ అవుట్ అంటున్నప్పుడు, ముగించినవాణ్ణి పాస్ అవుట్ అనడంలో ఒక పొందిక కూడా ఉంది.

మంగళగిరి విశ్రాంత ఎస్సై

మాస్టారు సైనిక శిక్షణ ప్రస్తావన తెచ్చి వెంటనే వదిలేశారు. నా ఉద్యోగం మొదలైందే ఆ మాటతో కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. మా శిక్షణ చివరిరోజు పాసింగ్ అవుట్ పరేడ్ జరిగింది. మా అమ్మ, నాన్న ఎర్రబస్సెక్కి వచ్చి చూశారు. అక్కడ ‘అవుట్’ అన్నది ఉత్త పదం కాదు. గౌరవ వందనం, ప్రమాణం అయ్యాక వరుసలు కట్టి, మెల్లని అడుగుతో మైదానం దాటి నిజంగానే బయటికి నడుస్తాం. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో క్యాడెట్లు చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) అనే గీత దాటుతారు; ఆ అడుగుతోనే వాళ్లు అధికారులవుతారు. హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీలో దాన్నే దీక్షాంత్ పరేడ్ అంటారు. ఇంగ్లీషువాడు తన పటాలాలతో పాటు తెచ్చిన మాట మన ఊళ్లలో కవాతు మైదానం దాటి కాలేజీ గేటు దాకా వచ్చిందనుకోవడం కష్టం కాదు. ఆ మాట విన్నప్పుడు నాకు మూర్ఛ గుర్తురాదండీ, ఆ మైదానం గుర్తొస్తుంది.

గుంటూరు ఆడపడుచు, హనుమకొండ కోడలు

మాస్టారు గారూ, ఈ గొడవ నాకు తెలుగులోనే ఎదురైంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ ఫోన్ చేస్తే మా అత్తమ్మ తీసి, మామయ్యగారి సంగతి అడిగినందుకు ‘మా ఆయన పొద్దున్నే పోయిండు’ అన్నారు. ఆయన పొలానికి వెళ్లారు. మా అమ్మ అవతల కూలబడిపోయి, పది నిమిషాల తరవాత ఏడుస్తూ నాకు మళ్లీ ఫోన్ చేసింది. మనవైపు పెద్దవాళ్ల గురించి, ఎక్కడికో చెప్పకుండా ‘పోయారు’ అంటే ఒకటే అర్థం కదండీ. అక్కడ అది రోజుకు వందసార్లు వాడే మాట. ఇద్దరిలో ఎవరి తెలుగూ తప్పు కాదు. అయినా అమ్మకు రాసేటప్పుడు నేను ‘వెళ్లారు’ అనే రాస్తాను, అత్తమ్మతో మాట్లాడేటప్పుడు ‘పోయిండ్రు’ అంటాను. ఆ నర్సమ్మాయి వాక్యం కూడా అవతల చదివేవాళ్లకు అలాగే అందుతుందని నాకనిపించింది.

ఏలూరు రోడ్డు ప్రూఫ్‌రీడర్

ఒక మాటను కోట్లమంది ఒకే అర్థంలో, తడబడకుండా, ఏళ్ల తరబడి రాస్తుంటే దాన్ని తప్పనే అధికారం ఎవరికుంది? ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసింది జనం వాడే భాష తరఫునే. తెలుగు విషయంలో వాడుకకు దండం పెట్టి, ఇంగ్లీషు విషయంలో లండను నిఘంటువుకు దండం పెట్టడం నాకు సమ్మతం కాదు. ‘గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్’ అన్నది కూడా ఒకప్పుడు తప్పే. విద్యార్థి తనంతట తాను గ్రాడ్యుయేట్ కాడు, విశ్వవిద్యాలయం చేస్తుంది, కాబట్టి ‘వాజ్ గ్రాడ్యుయేటెడ్’ అనే రాయాలని పాతకాలపు వ్యాకర్తలు పట్టుబట్టారు. వాళ్ల మాట నిలవలేదు.

బ్రాడీపేట మాస్టారు

హెచ్‌ఆర్ గారి మొదటి మాట ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యాన్ని అంతగా చెడగొట్టింది ‘బీన్ ఇన్’. అయితే దాన్ని తీసేసి చూశాను: ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ మే అండ్ స్టార్టెడ్ వర్క్ ఇన్ జూన్.’ ఇప్పుడు కూడా బయటి పాఠకుడు మొదటి సగం దగ్గర ఆగి, రెండో సగం చదివి, వెనక్కొచ్చి మళ్లీ అర్థం కట్టుకోవాలి. ఆగవలసిన అవసరం లేకుండా చేసేది ‘ఫ్రమ్’, దాని వెనక ఉన్న కాలేజీ పేరు. మీరు చూసిన రెజ్యూమెల్లో ఆ రెండూ ఉన్నాయి. ఈ అమ్మాయి వాక్యంలో లేవు. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ తేడా ఎన్నడూ చూపించలేదు, మాటనంతా ఒకే గీతతో కొట్టేశాను. అది నా లోపం. ఇంటర్, ఐటీఐ పిల్లల ఇబ్బంది కూడా నిజమే గానీ, దానికి ‘కంప్లీటెడ్’ ఉంది: ‘ఐ కంప్లీటెడ్ ఇంటర్మీడియట్ ఇన్ 2020.’ పదో తరగతికీ బీటెక్‌కీ ఒకేలా సరిపోతుంది, ఎక్కడివాడికైనా ఒకేలా అర్థమవుతుంది.

ప్రూఫ్‌రీడర్ గారూ, గిడుగువారి మీద నాకూ మీకున్నంత గౌరవం ఉంది. ఆయన పోరాడింది చదివేవాడికి తెలియని భాషలో పాఠాలు రాయకూడదని కదండీ. బర్మింగ్‌హామ్‌లో దరఖాస్తు చదివే మనిషికి తెలియని అర్థంలో మాట రాయొద్దన్నప్పుడు నేను ఆయన పక్షాన్నే ఉన్నాననుకుంటున్నాను. హనుమకొండ అమ్మాయి చెప్పినదాంట్లో నా జవాబు నాకంటే బాగా ఉంది.

పటమట హెచ్‌ఆర్

ఒకచోట మాత్రం మాస్టారితో పూర్తిగా కలుస్తాను. ‘ఐ యామ్ పాస్డ్ అవుట్ ఇన్ 2023’ అని వారానికి పదైనా వస్తాయి. గడిచిన సంవత్సరం పక్కన ‘యామ్’ ఎలాగూ నిలవదు. ఆపైన దాని అర్థం ‘నేను ఇప్పుడు స్పృహలో లేను’ అని. దీన్ని మన వాడుక అని కూడా సమర్థించలేం. అలాగే మా నోటీసుల్లోనే ‘2024 పాస్డ్ అవుట్స్ ఓన్లీ’ అని వేస్తాం. డ్రాప్‌అవుట్స్, ప్రింట్‌అవుట్స్ అన్నప్పుడు ముందు ముక్కకు భూతకాలం ఉండదు. రెండూ కలిసి నామవాచకమయ్యాకే బహువచనం చేరుతుంది. ఆ లెక్కన ‘పాస్‌అవుట్స్’ అనాలి. వచ్చే నోటీసులో నేను మారుస్తాను.

ఏలూరు రోడ్డు ప్రూఫ్‌రీడర్

మాస్టారి వాదనలో పాఠకుడెప్పుడూ బర్మింగ్‌హామ్‌లోనే ఎందుకుండాలి? మన ఇంగ్లీషులో ఎక్కువ భాగం మనవాళ్లు మనవాళ్లకు రాసేదే. అక్కడ కూడా ఎర్రగీత గీస్తే ఒప్పుకోను.

బ్రాడీపేట మాస్టారు

అక్కడ గీయను. ఆ అమ్మాయి ఈరోజు రెండు కాగితాలు తెచ్చింది. విదేశానికి వెళ్లేదాంట్లో వాక్యాన్ని ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం: ‘ఐ కంప్లీటెడ్ మై బీఎస్సీ ఇన్ నర్సింగ్ ఇన్ 2022 అండ్ హావ్ వర్క్‌డ్ యాజ్ ఏ స్టాఫ్ నర్స్ సిన్స్ దెన్.’ రెండోది గుంటూరులోనే ఒక ఆసుపత్రికి పెట్టే ఉద్యోగ దరఖాస్తు. అందులో ‘పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అని ఉంటే ‘ఇన్’ ముందు ‘ఫ్రమ్’ చేర్చి, కాలేజీ పేరు రాయించి, మిగతాది అలాగే ఉంచాను. వాళ్ల నాన్నగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, మొదటిదాన్ని కవర్లో పెట్టుకున్నారు.